కొలిచిన చెయ్యి

చంద్రకాంతమ్మ ఎవరినీ నమ్మదు. మనిషిని నమ్మదు, మనిషి చెప్పిన కొలతను నమ్మదు, కంపెనీవాళ్ళు అట్టపెట్టె మీద అచ్చువేసిన మాటను అసలే నమ్మదు. తిరుపతిలో అలిపిరికి పోయే దోవలోంచి పక్కకు తిరిగిన ఒక సన్నటి వీధిలో ఆమె అంగడి. బాత్రూములకు కావలసిన కొళాయిలు, పైపులు, వాషర్లు అమ్ముతుంది. అమ్ముతుంది అనడం కూడా కొంచెం తొందరపాటే. అడిగినవాడి మీద విచారణ జరిపి, తీర్పు అతనికి అనుకూలంగా వస్తే ఇస్తుంది.

విచారణలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"కొలిచిన చెయ్యి యాడుండాది?"

పైపు కొలవడానికి ఇంట్లో టేపు వెతికే ఓపిక మనవాళ్ళకు ఎక్కడిది? గోడ మీద జాన పరిచి ఒకటి, రెండు, రెండున్నర అనుకుంటారు. కొలిచేది పెళ్ళాం, అంగడికి వచ్చేది మొగుడు. ఆమె రెండున్నర జానలు ఈయన చేతికి రెండు కూడా కావు. తీరా పైపు ఇంటికి పోయాక బెత్తెడు తక్కువవుతుంది, లేదా మూరెడు ఎక్కువై మెలికపడి నీళ్ళు ఆగిపోతాయి. అప్పుడు మొగుడూ పెళ్ళాం పోట్లాడుకోరు. ఇద్దరూ కలిసి వచ్చి చంద్రకాంతమ్మతో పోట్లాడతారు. ఇరవై ఏళ్ళు అది భరించాక ఆమె ఒక చట్టం చేసింది. కొలిచిన చెయ్యి స్వయంగా అంగడికి రావాలి.

వచ్చిన చెయ్యి, బల్ల అంచుకు మేకులతో బిగించిన ఉక్కు స్కేలు మీద జాన పరచాలి. తరువాత పక్కనున్న సున్నం గోడకు ఆనాలి. ఆమె చెవి మీది పెన్సిలు తీసి ఆ చేతి చుట్టూ గీత గీస్తుంది. కింద జాన ఎన్ని అంగుళాలో, పైపు ఎందుకో రాస్తుంది. 'గీజరు', 'వాష్ బేసిను', 'వాషింగ్ మిషను'. పదేళ్ళలో గోడ నిండా చేతులే అయ్యాయి. ఇదేదో హస్తరేఖలు చూసే చోటనుకొని, పిల్ల జాతకం పట్టుకొచ్చి వరుసలో నిలబడినవాళ్ళు కూడా ఉన్నారు.

ఒకసారి ఒక కుర్రాడు తెలివిగా వీడియో కాల్లో భార్య చేతిని చూపించాడు. చంద్రకాంతమ్మ ఫోనును దగ్గరగా చూసి, దూరంగా చూసి, "ఈ చెయ్యి రెండంగుళాలు ఉండాదప్పా. దీనికి సరిపోయే పైపు చీమలకు కావల్సిందే" అని ఫోను తిరిగి ఇచ్చేసింది.

మనుషుల తరువాత ఆమె అనుమానమంతా సరుకు మీదే. పైపు రాగానే వాసన చూస్తుంది. బొటనవేలి మీద వంచి, చెవి దగ్గర పెట్టుకొని, అది మెల్లగా ఏమైనా ఒప్పుకుంటుందేమో అని వింటుంది. పైన ఉక్కుతీగ అల్లిన పైపయితే కొంగు చివర ముడివేసుకున్న అయస్కాంతం తెచ్చి తాకిస్తుంది. గట్టిగా అతుక్కుంటే అది మంచి స్టీలు కాదు, ఏడాదిలో తుప్పు పడుతుందని ఆమె నమ్మకం. ఆ కొంగుతోనే పెళ్ళిళ్ళకూ పోతుంది. కిందటేడు ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర వంగేసరికి, కొంగు పోయి మగపెళ్ళివారి వెండి కంచానికి అతుక్కుంది. ఆమె ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం కూడా రాలేదు.

అంగడి ముందు దిష్టి గుమ్మడికాయ కట్టవలసిన చోట ఒక కరిగిపోయిన ప్లాస్టిక్ పైపు వేలాడుతుంటుంది. ఎవరో మాట వినకుండా గీజరుకు చన్నీళ్ళ పైపు తగిలించుకొన్నాడు. అది వేడికి మెత్తబడి, ఉబ్బి, ఒక ఉదయం తల మీద సబ్బు నురగతో ఉన్న మనిషిని వీధిలోకి తరిమింది. ఎవరైనా "ఏదో ఒక పైపు ఇయ్యమ్మా" అంటే చాలు, ఆమె మాట్లాడకుండా దాని వైపు వేలు చూపిస్తుంది.

అటువంటి అంగడికి ఒక సోమవారం సాయంత్రం ధనంజయ వచ్చాడు.

ధనంజయ హైస్కూల్లో లెక్కల మాస్టారు. జానలతో కొలిచే మనిషి కాదు. టేపుతో కొలిచి, గళ్ళ కాగితం మీద బొమ్మ గీసి, నాలుగు పైపులకు నాలుగు బాణాలు వేసి తెచ్చాడు. గీజరుకు ఒకటి, బేసినుకు ఒకటి, కమోడు వెనక తొట్టికి ఒకటి, కమోడు పక్కన చేత్తో పట్టుకొని నొక్కే స్ప్రేకు ఒకటి. నిజానికి మొదటి మూడూ ఆ నాలుగోదాన్ని దాచడానికి వేసుకొన్న ముసుగు.

ఆ నాలుగోది వాళ్ళ నాయన గురప్ప కోసం. గురప్ప ముప్పై ఏళ్ళు లారీ తోలాడు. గూడూరు నిమ్మకాయల లోడు ఎక్కించుకొని బయలుదేరితే, కాయ ఒక్కటి కమలకుండా దించేవాడని పేరు. ఆరు నెలల కిందట పక్షవాతం వచ్చింది. కాలు మళ్ళీ కుదిరింది గానీ కుడిచెయ్యి కుదరలేదు. చెంబెత్తి నీళ్ళు పోసుకోలేడు. సాయానికి ఎవరినీ రానివ్వడు. లోపల గడి పెట్టుకొని గంటసేపు ఉండి, చొక్కా సగం తడిసి బయటికి వచ్చి, "ఆ గడి బిగుసుకునిందిరా" అంటాడు. నెల రోజులుగా కాఫీ వద్దంటున్నాడు. తరువాత రాత్రి అన్నం మానేశాడు. మధ్యాహ్నం కూడా ఒక ముద్ద సంగటితో చెయ్యి కడిగేస్తున్నాడు. తింటే పోవాలి, పోతే కడుక్కోవాలి. అందుకే తినడం లేదని ధనంజయకు ఒకరోజు తెలిసిపోయింది. కానీ 'నాయనా, నీకు కడుక్కొనేది కష్టంగా ఉండాదా' అని అడిగే నోరు అతనికి లేదు. ఆ మాట విని తలెత్తుకొని ఉండే నాయన కాదు గురప్ప. అందుకని బాత్రూము మొత్తం బాగుచేయిస్తున్నట్టు నటించి, అందులో స్ప్రే ఒకటి అనుకోకుండా ఎడమ పక్కన ఉన్నట్టు చేయాలని ఎత్తు వేశాడు.

చంద్రకాంతమ్మ గళ్ళ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"కొలిచిన చెయ్యి యాడుండాది?"

"టేపుతో కొలిచినానమ్మా."

"ఆ టేపు పట్టుకున్న చెయ్యి?"

లెక్కల మాస్టారి చెయ్యి గోడకెక్కింది. గీజరుకు అల్లిక పైపు, బేసినుకూ తొట్టికీ పొట్టి పైపులు, అయస్కాంతం పరీక్ష పాసై బల్ల మీదికి వచ్చాయి. తొట్టి పైపు దగ్గర మాత్రం ఆమె అతని బాణాన్ని నమ్మక రెండంగుళాలు తగ్గించింది. ఆ తగ్గింపు అతని మనసుకు గుచ్చుకుంది.

"ఇవి సరే. ఈ నాలుగోది ఎవరికి?"

"బాత్రూముకమ్మా."

"బాత్రూము కడుక్కోదప్పా. దాంట్లో కడుక్కొనేది ఎవరని అడుగుతా ఉండా."

అంగడిలో ఇంకో ముగ్గురున్నారు. వాళ్ళలో ఒకాయన కొడుకు ధనంజయ క్లాసులోనే చదువుతున్నాడు. ఆ ముగ్గురూ కొళాయిలు చూడడం మానేసి ఇటు తిరిగారు. ధనంజయకు నాయన ముఖం కళ్ళ ముందు మెదిలింది. నోట్లోంచి దానంతట అదే ఒక మాట ఊడిపడింది.

"కుక్కకి."

"ఏం కుక్క?"

"పెద్ద కుక్కమ్మా."

"పేరు?"

"టైగర్."

"కొళాయి కుడి పక్కనుండాదని గీసినావు. పైపు ఎడమ పక్కకు రావల్లని బాణమేసినావు. నీ కుక్కది ఎడమచేతి వాటమా?"

ధనంజయ తాను గీసిన బాణం వైపు చూశాడు. ఇంకో దారి కనబడలేదు.

"అవునమ్మా" అన్నాడు.

చంద్రకాంతమ్మ అది కూడా రాసుకుంది. "యాభై ఏడంగుళాలు రాసినావు. నలభై అడిగేవాళ్ళుండారు, అరవై అడిగేవాళ్ళుండారు. యాభై ఏడు ఎవరడుగుతారప్పా" అని తనలో తానే అనుకుంటూ గోడ వైపు చాలాసేపు చూసింది. "ఈ మూడూ తీసుకోని పో. నాలుగోదాని గురించి రొంత ఆలోచన చెయ్యల్ల."

ఒక పైపు గురించి ఆలోచించడానికి ఏముంటుంది? ఆమె గోడ వైపు ఎందుకు చూసింది? దారి పొడవునా ధనంజయకు అనుమానమే. ఇంకో అంగడికి పోయాడు. అక్కడ ఒక్క ప్రశ్న కూడా అడగకుండా పైపు చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చి, నాయన నిద్రపోతున్నప్పుడు పెట్టి చూస్తే జానన్నర తక్కువ. పైగా దాని చివరున్న ఇత్తడి స్ప్రే తుపాకీ బరువుంది. దాన్ని బీరువాలో పంచెల వెనక దాచి, మూడోరోజు మళ్ళీ చంద్రకాంతమ్మ అంగడికి వచ్చాడు.

"టైగర్ ఎట్లుండాడు?" అంది ఆమె తలెత్తకుండానే.

"బాగుండాడమ్మా."

"ఏం పెడతా ఉండారు?"

"మేము తినేదే."

"రాత్రిపూట?"

"రాత్రి తినేది మానేసినాడమ్మా. నెలరోజులుగా కాఫీ కూడా వద్దంటా ఉండాడు."

ఆ మాట బయటికి వచ్చాక గానీ, తాను మాట్లాడుతున్నది కుక్క గురించని ధనంజయకు గుర్తురాలేదు. చంద్రకాంతమ్మ చేతిలో పెన్సిలు ఆగింది. నవ్వుతుందేమో అని చూశాడు. నవ్వలేదు.

"కాఫీ మానేసిన కుక్కంటే కష్టమే," అంది నెమ్మదిగా. "కూర్చోప్పా."

తల వంచుకొని స్టూలు మీద కూర్చున్న ధనంజయకు తలెత్తగానే ఎదురుగా గోడ కనబడింది. అన్నీ కుడిచేతులే. ఆ గుంపులో ఒకే ఒక్కటి ఎడమ చెయ్యి. దాని చిటికెనవేలికి పైకణుపు లేదు. లారీ జాకీ కింద ఆ కణుపు పోయిన రోజున ధనంజయకు ఎనిమిదేళ్ళు. ఆసుపత్రిలో ఆ కట్టు చూసి తానే ఏడిస్తే, ఆ చెయ్యే తన కళ్ళు తుడిచింది.

చేతి కింద పెన్సిలు రాత ఉంది. 'ఎనుము. జాన 9. ఆరు జానల నాలుగు వేళ్ళు.'

పిల్లలకు రోజూ లెక్కలు చెప్పే మనిషి మనసులో ఈ లెక్క చేశాడు. ఆరు తొమ్మిదులు యాభై నాలుగు. నాలుగు వేళ్ళంటే మూడంగుళాలు. యాభై ఏడు.

అంటే నాయన కర్ర పట్టుకొని ఒక్కడే ఇంత దూరం నడిచి వచ్చాడు. తనకంటే ముందే వచ్చాడు. ఇదే పైపు అడిగి, తనలాగే ఒట్టిచేతులతో తిరిగిపోయాడు. కొడుకుకు తెలియకూడదని, రెండో అంతస్తులో ఉన్న ఇంటికి పాలిచ్చే గేదెను, ఒక ఎనుమును కల్పించాడు.

"ఆ చెయ్యి..." అన్నాడు ధనంజయ.

"ఒకరి చెయ్యి గురించి ఇంకొకరికి చెప్పే అలవాటు లేదు నాకు," అంది ఆమె. "రేపు పదిగంటలకు నేనే పైపెత్తుకోని మీ ఇంటికొస్తా. నీ కుక్క మీద నాకు అనుమానంగా ఉండాది. ఆ ఎనుము మీద అంతకంటే జాస్తి."

మరునాడు ధనంజయ బడికి సెలవు పెట్టాడు. సరిగ్గా పదికి చంద్రకాంతమ్మ సంచీ, స్పానరు పట్టుకొని రెండంతస్తుల మెట్లెక్కి వచ్చింది. హాల్లో కూర్చున్న గురప్ప ఆమెను చూడగానే, చెక్‌పోస్టు దగ్గర కాగితాలు లేని డ్రైవరు ముఖం పెట్టాడు. ఆమె అతన్ని ముందెన్నడూ చూడనట్టే కుర్చీ లాక్కొని కూర్చుంది.

"పెద్దాయనా, మీ ఇంట్లో కుక్క ఉండాదంట గదా."

గురప్ప కొడుకు వైపు చూశాడు. కొడుకు ఫ్యాను వైపు చూశాడు. బాత్రూము తలుపు పక్కన తెరిచి ఉన్న కొత్త పైపుల సంచీ గురప్పకు కనబడింది. చేతిలో కర్ర రెండుసార్లు కదిలింది. ముప్పై ఏళ్ళు రోడ్డు మీద ఎదుటి బండి లైటును బట్టి మనిషి మనసు చెప్పినవాడు, ఇది అర్థం చేసుకోలేడా?

"ఉండాదమ్మా," అన్నాడు చివరికి. "బయట తిరగను పోయింది."

"పేరేంది?"

టైగర్ అన్న పేరు గురప్పకు తెలియదు. గురప్ప గొంతు సవరించుకొన్నాడు.

"మా ధనాను అడుగు. కుక్క వానిది. పేర్లు పెట్టేది నాకు చాతగాదు."

వంటింట్లోంచి ధనంజయ భార్య నాగవేణి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఆమెకు ఈ కథ ఏమీ తెలియదు. "కుక్క ఏంది మామా?"

"కుక్కొకటే కాదమ్మా, మీకు ఎనుము కూడా ఉండాదంట," అంది చంద్రకాంతమ్మ.

"రెండో అంతస్తులోనా?"

ఇప్పుడు కొడుకు వంతు వచ్చింది. గురప్ప కిందికి చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. జీవితంలో ఒక్క తప్పు లెక్క కూడా బోర్డు మీద రాయని ధనంజయ గట్టిగా ఊపిరి పీల్చాడు.

"ఉండాదమ్మా. పూతలపట్టులో మా సిన్నాయన తావ ఉండాది. అప్పుడప్పుడు మమ్మల్ని సూసిపోను వస్తాది."

గురప్ప తలెత్తి కొడుకును చూశాడు. నాగవేణి ఇద్దరినీ చూసి, నోరు తెరిచి, ఏదో తోచి మూసుకొని, వంటింటి గడప దగ్గరే నిలబడిపోయింది.

"సరే," అంది చంద్రకాంతమ్మ లేస్తూ. "కుక్క తిరగను పోయింది, ఎనుము ఊర్లో ఉండాది. పైపు ఎత్తు సూసేది ఎవరితో? పెద్దాయనా, ఎనుము తరఫున నువ్వొచ్చి కూర్చో. కుక్క తరఫున ఎడమ చెయ్యి ఇటు పెట్టు."

మూత వేసిన కమోడు మీద గురప్ప కూర్చున్నాడు. ఆమె సంచీలోంచి మూడు స్ప్రేలు తీసింది. మొదటిది ఎడమ చేతికిచ్చి, "బరువా?" అంది. గురప్ప కాదన్నాడు. ఆమె అతని మాట నమ్మలేదు, మణికట్టు వణుకు చూసింది. దాన్ని సంచీలో వేసింది. రెండోది నొక్కమంది. నొక్కాడు. "సులభంగానే ఉండాదమ్మా" అన్నాడు. బొటనవేలి గోరు తెల్లబడడం ఆమె చూసింది, అదీ సంచీలోకే పోయింది. మూడోది తేలికపాటి ప్లాస్టిక్కుది. చిటికెనవేలికి కణుపు లేని చెయ్యి కూడా దాన్ని నిండుగా పట్టుకుంది.

"ఇది కుక్కకు సరిపోతాది," అంది.

పైపు అరవై అంగుళాలది ఎంచింది. యాభై ఏడుకు మూడంగుళాల వదులు. "బిగువుగా ఉంటే కొళాయి మొదలు కాడ చీలతాది. జాస్తి వదులైతే మెలికపడతాది. మనిషి తిరిగేంత ఉండల్ల," అని, కొంచెం ఆగి, "ఎనుమైనా అంతే" అని సర్దింది. కుడి కొళాయికి తగిలించి, కమోడు వెనకగా తెచ్చి, ఎడమ గోడకు మోచేతి ఎత్తున కొక్కెం బిగించింది. కొక్కెంలో పెట్టమంది, తియ్యమంది, మళ్ళీ పెట్టమంది. పదిసార్లు పెట్టించింది.

"ఇప్పుడు నొక్కు."

గురప్ప నొక్కాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న ధనంజయ కళ్ళద్దాల మీద నీళ్ళు ఫెళ్ళున కొట్టాయి. అతను ముఖం తుడుచుకొనే లోపల ఇంకోసారి కొట్టాయి. రెండోసారి పొరపాటు కాదు. ఆరు నెలల తరువాత గురప్ప నవ్వాడు. లారీ హారను మాదిరి, ఆగి ఆగి వచ్చే పాత నవ్వు.

"కుక్కకు బాగా పనికొస్తాదిరా ధనా."

"ఎనుముకు కూడా నాయనా."

పోతూ పోతూ చంద్రకాంతమ్మ నాగవేణితో, గురప్పకు వినబడేట్టు, "అమ్మణ్ణీ, ఈ పొద్దు నుంచి మీ కుక్క టైగర్ కు కాఫీ పొయ్యి" అని చెప్పి మెట్లు దిగింది.

మధ్యాహ్నం గురప్ప రెండో ముద్ద పెట్టించుకొన్నాడు. సాయంత్రం నాలుగింటికి హాల్లోంచి కర్ర చప్పుడు చేసి, వంటింటి వైపు చూడకుండా అడిగాడు:

"ఏం అమ్మణ్ణీ, టైగర్ కు కాఫీ ఇంకా కాలేదా?"

వారం తరువాత ధనంజయ అంగడికి పోయాడు. నిజం చెప్పేసి, దండం పెట్టి రావాలని పోయాడు.

"అమ్మా, మా ఇంట్లో కుక్క..."

"ఉండనీప్పా," అంది చంద్రకాంతమ్మ ఒక వాషరును కొరికి చూస్తూ. "నేను పైపులిచ్చిన కుక్కలన్నీ నిజమైనవైతే, తిరుపతిలో మనుషులు నడిచేదానికి దోవుండదు. మనిషి ఏమైనా చెప్పనీ. కొలత సరిగ్గా చెప్తే నాకు చాలు."

ధనంజయ గోడ వైపు చూశాడు. చేతుల కింద రాతలు అతనికి ఇప్పుడు వేరేగా కనబడ్డాయి. 'చెట్లకు'. 'కారు కడగను'. 'ఎప్పుడన్నా వచ్చే చుట్టాలకు'. వీటిలో ఎన్ని చెట్లు మంచం మీద ఉన్నాయో, ఎన్ని కార్లు నడవలేకపోతున్నాయో ఆమెకు తప్ప ఎవరికి తెలుసు? నాయన చేతి కింద 'ఎనుము' పక్కన, ఆమె కొత్తగా 'కుక్క కూడా' అని చేర్చింది.

అప్పుడే ఒక నడివయసు మనిషి లోపలికి వచ్చాడు. బట్టలు నలగలేదు గానీ కళ్ళు నలిగి ఉన్నాయి. పొడవు పైపు, పక్కన నొక్కే స్ప్రే కావాలన్నాడు.

"కొలిచిన చెయ్యి యాడుండాది?" అంది చంద్రకాంతమ్మ. "ఎవరికి?"

ఆ మనిషి అంగడిలో ఉన్నవాళ్ళను చూశాడు, కరిగిన పైపును చూశాడు, నేలను చూశాడు.

"కోళ్ళకు," అన్నాడు.

చంద్రకాంతమ్మ కళ్ళు చిన్నవి చేసింది. పెన్సిలు చెవి మీది నుంచి తీసింది. ధనంజయ గుమ్మం దాటబోయి ఆగాడు. వెనక్కి వచ్చి, ఆ మనిషి భుజం మీద చెయ్యి వేశాడు.

"తేలికపాటి స్ప్రే అడుగప్పా," అన్నాడు. "మా టైగర్ కు అదే పెట్టించినాం. ఇప్పుడు రోజుకు రెండుసార్లు కాఫీ తాగుతా ఉండాడు."